ఎత్తగలిగిన బండే కొనండి

మట్టి దారుల్లో నడపడానికి మొదటి బండి కొనబోయే కుర్రాళ్లు ముందుగా అడిగేది ఒకటే: ‘ఎంత లాగుతుంది?’ ఆ ప్రశ్నను కొన్నాళ్లు పక్కన పెట్టండి. అడగాల్సింది ఇది: ‘ఇది బురదలో అడ్డంగా పడితే, పక్కన సాయానికి ఎవరూ లేకపోతే, నేనొక్కణ్నే లేపగలనా?’

పడతారు. అందులో అనుమానమే లేదు. నేర్చుకునేవాడు వేగంగా పోతూ పడటం తక్కువ. నడక వేగంలో, ఇరుకు మలుపులో, కాలు ఆనించబోతే నేల అందక పడటమే ఎక్కువ. మొదటిసారి నవ్వొస్తుంది. మూడోసారికి ఒళ్లు మండుతుంది. ఆరోసారికి మోచేతులు వణుకుతాయి. ఆ ఆరోసారి కూడా బండి లేపి మళ్లీ ఎక్కగలిగితే ఆ రోజు ఏదో నేర్చుకున్నట్టే. లేపలేకపోతే రెండోసారి పడగానే పాఠం అయిపోతుంది, మిగతా సాయంత్రమంతా సాయం కోసం ఎదురుచూపు. బండి బరువెంతో తెలిస్తే మీకు ఎన్ని ప్రయత్నాలు దక్కుతాయో తెలిసినట్టే.

అంకెలు చూడండి. హీరో స్ప్లెండర్ 110 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. 2011లో వచ్చి కొన్నేళ్లకే ఆగిపోయిన హీరో ఇంపల్స్ 134 కిలోలు. 2019లో వచ్చిన ఎక్స్‌పల్స్ 200 దాదాపు 155. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 2016లో 182 కిలోలతో మొదలై తర్వాతి మోడళ్లలో 199కి చేరింది. ఎక్స్‌పల్స్‌కీ ఆ చివరి అంకెకీ తేడా సుమారు 45 కిలోలు, అంటే ఇరవై ఐదు కిలోల బియ్యం సంచులు రెండింటికి కాస్త తక్కువ. హిమాలయన్ మంచి బండే. మొదటి బండి మాత్రం కాదు.

ఈ మాటలు ముఖ్యంగా పోర్ట్‌బ్లెయిర్‌లో డైరీ ఫార్మ్ అనే పేటలో ఉండే తెలుగు కుర్రాడి కోసం. 2024 సెప్టెంబరు నుంచి ఊరి అధికారిక నామం శ్రీ విజయపురం, నోటికి మాత్రం ఇంకా పోర్ట్‌బ్లెయిరే వస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల నుంచి ఓడెక్కి వచ్చి చేపల వేటలో, వ్యాపారంలో, కూలి పనుల్లో కుదురుకున్న కుటుంబాలు ఇక్కడ ఎన్నో. ఆ ఇళ్ల పిల్లలు ఇప్పుడు సొంత జీతాలతో, సొంత సరదాలతో ఉన్నారు. ఫోనులో రీళ్లు చూసి ముళ్ల టైర్ల బండి మీద మనసు పడింది. తప్పేం లేదు. వాలు రోడ్లు ఇంటి ముందే ఉన్నాయి, ఏడాదికి సుమారు మూడు వేల మిల్లీమీటర్ల వాన కురుస్తుంది, మే నుంచి డిసెంబరు దాకా బురదకు కొదవ లేదు. మెయిన్‌ల్యాండ్‌లో డబ్బులిచ్చి నేర్చుకునే జారుడు నేల ఇక్కడ ఊరికే దొరుకుతుంది.

కానీ ఇబ్బందులూ ఇక్కడివే. సెకండ్ హ్యాండ్ మార్కెట్ చిన్నది. గాలిలో ఉప్పు. ప్రతి విడిభాగమూ ఓడలోనో విమానంలోనో రావాలి. అన్నిటికీ మించి, అమ్మేవాడు ఎవరో ఒకరికి చుట్టమై ఉంటాడు. ఆ సంగతికి తర్వాత వద్దాం.

గొప్పకు పోతే

బండిని చూడబోయే ముందు మీ కొలతలు కాగితం మీద రాయండి. ఎత్తు, బరువు, కాలి లోపలి పొడవు, చేతిలో ఉన్న డబ్బు. ఎక్స్‌పల్స్ 200 సీటు ఎత్తు 823 మిల్లీమీటర్లు, ఇంపల్స్‌ది 840. అయిదున్నర అడుగుల మనిషికి రెండు పాదాలూ పూర్తిగా ఆనవు. ఆనక్కర్లేదు కూడా. నడుము కాస్త పక్కకి జరిపితే ఒక పాదం గట్టిగా ఆనుతుందా, అది చాలు. రెండు కాళ్లూ వేళ్ల మీద వేలాడితే మాత్రం ఆ బండిని వదిలేయండి. కాళ్లు పెరుగుతాయని ఎదురుచూసే వయసు దాటిపోయింది.

కొందరికి పోటీ బండి కావాలి. సుజుకీ ఆర్‌ఎం-జెడ్, కవాసకి కేఎక్స్ లాంటివి. ఫొటోల్లో అద్భుతంగా ఉంటాయి. వాటికి హెడ్‌లైట్ ఉండదు, నంబరు ప్లేటు రాదు. 2018లో సుజుకీ మన దేశంలో ఆర్‌ఎం-జెడ్ అమ్మకానికి పెట్టినప్పుడు కూడా అది ట్రాక్ మీద నడిపే బండిగానే వచ్చింది. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేని బండిని రోడ్డెక్కించకూడదు. డైరీ ఫార్మ్ ఇంటి గేటు దాటాలన్నా దాన్ని వ్యాన్‌లో ఎక్కించాలి. పైగా ఆ ఇంజిన్ల సర్వీసు లెక్క కిలోమీటర్లలో ఉండదు, గంటల్లో ఉంటుంది. ఎవరో నాలుగు సీజన్లు పిండేసిన పోటీ ఇంజిన్‌ను తక్కువ ధరకు ఇస్తున్నారంటే, పిస్టన్ ఖర్చు మీకు బదిలీ చేస్తున్నారన్నమాట.

ఇంకొందరికి యమహా ఆర్‌ఎక్స్ 100. 1985లో వచ్చి 1996లో ఆగిపోయింది, మోజు మాత్రం ఆగలేదు. టూ స్ట్రోక్ ఇంజిన్, తేలికైన ఒళ్లు, మన దేశపు మట్టి ట్రాకుల మీద ఎందరో దాన్ని ఎగరేశారు. కానీ ఈ రోజు దొరికే బండిలో అసలు భాగాలెన్ని, అతికించినవెన్ని అన్నది కనిపెట్టడమే పెద్ద విద్య. ధర మోజును బట్టి ఉంటుంది, స్థితిని బట్టి కాదు. బండి నేర్చుకోవాలనుకుంటే వద్దు. బండి బాగుచేయడం నేర్చుకోవాలనుకుంటే మీ ఇష్టం.

మట్టి బండి చరిత్ర అంతా బరువు తగ్గించుకున్న చరిత్రే. 1968లో యమహా డీటీ-1 వచ్చేదాకా అమెరికాలో మామూలు కుర్రాళ్లు చాలావరకు బరువైన రోడ్డు బండ్లకే సైలెన్సర్ పైకి కట్టి కొండలెక్కించేవారు. తేలికైన 250 సీసీ సింగిల్ సిలిండర్ బండి, అందుబాటు ధరలో, రోడ్డు మీదా నడిచేది ఒకటి రాగానే ఆ సరదా ఇల్లిల్లూ చేరింది. ఆ సరదా మనవాళ్లనూ పెద్ద పోటీల దాకా తీసుకెళ్లింది: 2015లో సి.ఎస్. సంతోష్ డాకర్ ర్యాలీ పూర్తి చేసిన తొలి భారతీయుడయ్యాడు. 2024లో హరిత్ నోవా అదే ర్యాలీలో ర్యాలీ-2 తరగతి గెలిచాడు. ఆ పెద్ద బండ్ల ఫొటోలు గోడకు అంటించుకోండి, బాగుంటాయి. అంతకుముందు వాళ్లు చిన్న ట్రాకుల మీద తిన్న దెబ్బలు ఆ ఫొటోల్లో కనపడవు.

మరి ఏం కొనాలి? నా ఓటు రెండింటికి. డబ్బు సరిపోతే, ఊళ్లో సర్వీసు చేయగలిగినవాడు ఉంటే, ఎక్స్‌పల్స్ 200. ముందు 21 అంగుళాలు, వెనక 18 అంగుళాల స్పోకుల చక్రాలు, ముందు ఫోర్కుల్లో 190 మిల్లీమీటర్ల కదలిక, కింద 220 మిల్లీమీటర్ల ఖాళీ. నేర్చుకునేవాడికి ఇంతకన్నా ఎక్కువ అక్కర్లేదు. 2020కి ముందు బండ్లలో కార్బొరేటర్‌వీ ఉన్నాయి, ఫ్యూయెల్ ఇంజెక్షన్‌వీ ఉన్నాయి. తర్వాతివన్నీ ఇంజెక్షనే. మీకు దగ్గర్లో ఉన్న మెకానిక్ చేయి దేని మీద తిరుగుతుందో అదే తీసుకోండి. డబ్బు చాలకపోతే పాత స్ప్లెండర్ లాంటి నూరు సీసీ బండి కొని, ముళ్ల టైర్లు వేయించి, ఒక వానాకాలం దాని మీదే నేర్చుకోండి. స్నేహితులు నవ్వుతారు. నవ్వనివ్వండి, ఆ బండి భాగాలు ఏ షాపులోనైనా దొరుకుతాయి. ఇంపల్స్ కూడా బంగారమే, కాకపోతే ఆగిపోయిన మోడల్. కొనేముందు ఆ బండికే ప్రత్యేకమైన నాలుగు భాగాల పేర్లు రాసుకెళ్లి కౌంటర్ దగ్గర అడగండి. ‘తెప్పిస్తాం’ అని జవాబు వస్తే, ఎన్నాళ్లలో అని కూడా అడగండి.

మొహమాటపడితే

ఇప్పుడు అసలు సంగతి. ద్వీపంలో సెకండ్ హ్యాండ్ బండి కొనడంలో మెకానిక్ పని సగమే. మిగతా సగం ఎదుటి మనిషి ముఖం చూస్తూ ‘వద్దు’ అనడం.

అమ్మేది మీ బావ స్నేహితుడు. జంగ్లీఘాట్‌లో రోజూ ఎదురయ్యే అన్న. వాళ్ల అమ్మా మీ అమ్మా ఒకే ఓడలో వచ్చారు. వెళ్లగానే టీ ఇస్తారు. ‘నాను సూసుకున్నాను కదరా బాబూ, ఇంజినుకి ఢోకా లేదు’ అంటాడు. టీ తాగాక కింద కూర్చుని ఫోర్కుల సీలు చూడాలంటే సిగ్గేస్తుంది. చూడకుండానే డబ్బులిచ్చేసి, తర్వాత ఏడాదంతా ఆ అన్నను తప్పించుకుని తిరుగుతారు. అప్పుడు బండీ పోయింది, బంధుత్వమూ పోయింది.

దీనికి మందు ముందుమాటే. చూడ్డానికి వెళ్లకముందే ఫోనులో చెప్పండి: ‘అన్నా, నేను కొత్తవాణ్ని, నాకేం తెలీదు. అందుకే గంటసేపు చూస్తాను, మెకానిక్‌ని కూడా తీసుకొస్తాను. కుదరకపోతే ఏమీ అనుకోకు.’ ఇలా చెప్పడంలో మూడు పనులు జరుగుతాయి. తెలియదని ఒప్పుకున్నాక పిచ్చి ప్రశ్నలు అడిగే హక్కు వస్తుంది. గంటసేపు చూస్తే అతనికి అవమానం కాదు. ‘వద్దు’ అనే మాట బండికి తగులుతుంది, మనిషికి తగలదు. దాచాల్సింది ఉన్నవాడు ఆ ఫోనులోనే ‘అంత నమ్మకం లేకపోతే ఎందుకు’ అంటాడు. మీకు ఆటో ఖర్చు మిగిలింది.

ఆ రోజు జేబులో డబ్బు పెట్టుకోవద్దు. అడ్వాన్సు కూడా వద్దు. చేతిలో నోట్లు ఉన్నప్పుడు కళ్లు సరిగా పనిచేయవు.

ప్రశ్నలు తక్కువ అడగండి, జవాబు పూర్తయ్యేదాకా నోరు మెదపకండి. ఎందుకు అమ్ముతున్నావు? చివరిసారి ఇంజిన్ ఆయిల్ ఎప్పుడు మార్చావు? ఎక్కడెక్కడ నడిపావు? ఉప్పునీళ్లలోకి దింపావా? ఇంజిన్ ఎప్పుడైనా దించారా? మన కుర్రాళ్లలో చాలామంది ప్రశ్న అడిగి, జవాబూ తామే అందిస్తారు: ‘పెద్దగా వాడలేదు కదా?’ ‘ఆ, పెద్దగా వాడలేదు.’ ఇంక తెలుసుకున్నదేముంది?

మరో రకం ఒత్తిడి ఉంది, ఇది అచ్చంగా ద్వీపానిది. ఉద్యోగం మీద వచ్చినవాళ్లు బదిలీ అయినప్పుడు బండి అమ్మేసి వెళ్లాలనుకోవడం సహజం. ‘ఎల్లుండే షిప్పు, రేపటిలోగా చెప్పు, ఇంకో ఇద్దరు అడుగుతున్నారు.’ ఆ మాట నిజమే కావచ్చు. అయినా షిప్పు ఎక్కేది అతను, మీరు కాదు. తొందరలో ఉన్నవాడి దగ్గర ధర తగ్గుతుంది, నిజమే. తొందర మీకు అంటుకుంటే ఆ లాభం అక్కడే ఆవిరైపోతుంది. ఇద్దరు అడుగుతున్నారంటే ఆ ఇద్దరికీ శుభాకాంక్షలు చెప్పి, మీ గంట మీరు తీసుకోండి.

విశాఖలోనో చెన్నైలోనో కొని ఓడలో తెప్పించుకోవాలన్న ఆలోచన కూడా వస్తుంది. అక్కడ ఎంపిక ఎక్కువ. కానీ ఫొటోల్లో తుప్పు కనపడదు, శబ్దం వినపడదు. అక్కడ మేనమామ కొడుకో, చిన్నప్పటి స్నేహితుడో ఉండి, కింద చెప్పబోయేదంతా ఓపిగ్గా చూసిపెడితేనే ఆ దారి. లేదంటే మానుకోండి.

మోకాళ్ల మీద కూర్చునే గంట

వాన పడుతుంటే వెళ్లొద్దు. తడిసిన బండి మీద ఆయిల్ కారుతున్నదీ లేనిదీ తెలీదు. ఉదయమే వెళ్తానని, బండి స్టార్ట్ చేయకుండా ఉంచమని చెప్పండి. వెళ్లగానే ఇంజిన్ మీద చేయి పెట్టండి. వెచ్చగా ఉందా? అయితే చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ అవడానికి మొరాయించే బండి కావచ్చు. కోప్పడనక్కర్లేదు, రేపు మళ్లీ వస్తానని చెప్పండి.

స్టార్ట్ చేశాక సైలెన్సర్ వెనక నిలబడండి. మొదటి నిమిషం కాస్త తెల్లటి ఆవిరి వస్తే కంగారు లేదు. నీలి పొగ ఆగకుండా వస్తే ఆయిల్ మండుతోంది. రింగులో, బోరో, వాల్వు సీళ్లో పోయినట్టు. నల్ల పొగ అయితే పెట్రోలు ఎక్కువ పడుతోంది, అది చిన్న రోగమే. ఆయిల్ మూత విప్పి చూడండి. పాలు కలిసిన టీ రంగు ఉంటే లోపలికి నీళ్లు పోయాయి: వాగులో ముంచాడన్నమాట. వేలికి అంటిన ఆయిల్‌ను ఎండలో చూస్తే మెరిసే రేణువులు కనిపిస్తే అక్కడే ఆగిపోండి.

తర్వాత ఎవరూ చూడనిది చూడండి: ఎయిర్ ఫిల్టర్. రెండు స్క్రూలు విప్పితే తెలిసిపోతుంది. మట్టిలో నడిపిన బండికి ఇది ఆరోగ్య పత్రం. ఫిల్టర్ మురికిగా ఉండటం నేరం కాదు. ఫిల్టర్ దాటి ఇంజిన్ వైపు గొట్టంలోకి దుమ్ము పోయిందా, అదీ ప్రశ్న. వేలు పెట్టి తుడవండి. మట్టి అంటితే ఆ ఇంజిన్ ఇసుక తిని బతికింది. పైన ఎంత పాలిష్ ఉన్నా, యజమాని బండిని ఎలా చూసుకున్నాడో ఆ వేలే చెబుతుంది.

సెంటర్ స్టాండ్ లేకపోతే ఇంజిన్ కింద చెక్కదిమ్మె పెట్టి ముందు చక్రం గాలిలోకి లేపండి. హ్యాండిల్‌ను మెల్లగా అటూ ఇటూ తిప్పండి. మధ్యలో ఎక్కడైనా గుంటలో పడ్డట్టు ఆగితే కోన్ సెట్ పోయింది. ఫోర్కుల అడుగు భాగం పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగండి, టక్ టక్ అంటే అదే సంగతి. చక్రాన్ని పక్కలకు ఊపితే బేరింగుల కథ తెలుస్తుంది. వెనక చక్రం లేపి స్వింగ్ ఆర్మ్ ఊపండి, అక్కడ బుష్‌లు అరిగితే బండి మట్టిలో తోక ఊపుతూ పోతుంది. ఒక స్పానర్‌తో స్పోకులన్నిటినీ వరసగా తట్టండి. ఒకే రకం మోత రావాలి. ఒకటి మొద్దుగా పలికితే వదులైంది, బిగించుకోవచ్చు. నాలుగైదు పక్కపక్కనే మొద్దుగా పలికితే రిమ్ దెబ్బ తిని ఉంటుంది.

చైన్‌ను వెనక స్ప్రాకెట్ చివరన పట్టుకుని వెనక్కి లాగండి. పన్ను సగం బయటపడేంత లేస్తే చైన్ సెట్ మార్చాల్సిందే. పళ్లు కొక్కేల్లా వంగితే చెప్పనక్కర్లేదు. ఇవన్నీ బండిని వద్దనడానికి కారణాలు కావు. ధర తగ్గించడానికి కారణాలు. వద్దనాల్సినవి వేరు, వాటిలో మొదటిది ఫ్రేము.

ఇంజిన్ కింద, ఫుట్ రెస్టుల దగ్గర, హ్యాండిల్ మెడ చుట్టూ ఉన్న వెల్డింగులను టార్చి వేసి చూడండి. వెంట్రుకంత పగులున్నా వద్దు. ఒక్కచోటే కొత్త పెయింట్ ఉంటే ఎందుకని అడగండి. ముందు చక్రం నేరుగా ఉన్నప్పుడు హ్యాండిల్ వంకరగా ఉంటే ఒకసారి గట్టిగా గుద్దుకున్న బండి.

ఇక ఉప్పు. మెయిన్‌ల్యాండ్‌లో కొనేవాడికి ఈ బాధ తక్కువ, మీకు ఇదే ముఖ్యం. ముందు ఫోర్కుల మెరిసే గొట్టాల మీద గోరు గీయండి. తుప్పు గుంటలు గోటికి తగిలితే కొత్త సీలు వేసినా నెల తిరక్కుండా కోసేస్తాయి. పెట్రోలు ట్యాంకు మూత తీసి ఫోను టార్చితో లోపల చూడండి, అడుగున గోధుమరంగు పొర ఉంటే ఆ తుప్పంతా కార్బొరేటర్‌లోకో ఇంజెక్టర్‌లోకో దిగుతుంది. సీటు విప్పి వైర్ల కనెక్టర్లు తీయండి. ఆకుపచ్చ బూజులాంటిది ఉంటే, ప్రతి వానకూ ఏదో ఒక లైటు ఆరిపోయే బండి అది. తలలు గుండ్రంగా అరిగిపోయిన బోల్టులు కనిపిస్తే, తప్పు సైజు స్పానర్‌తో ఎవరో కుస్తీ పట్టారు. బోల్టు దగ్గరే ఓపిక లేనివాడు లోపల ఏం చేసి ఉంటాడో ఊహించుకోండి.

టైరు పక్కన ఒక చిన్న గుండ్రటి గడిలో నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో ఇరవై మూడో వారంలో తయారైంది. ముళ్లు నిండుగా ఉన్నా రబ్బరు వయసు దాటి గట్టిపడితే తడిరాయి మీద నిలవదు. 21 అంగుళాల టైరు కొత్తది కావాలంటే ఓడ కోసం చూడాలి, ఆ లెక్క ధరలో తీసేయండి.

చివరగా నడపడం. డైరీ ఫార్మ్ నుంచి ఏ వైపు పోయినా ఎక్కుడు తగులుతుంది, అదే మీ పరీక్షశాల. మూడో గేరులో ఎక్కుడు మీద యాక్సిలరేటర్ తిప్పండి. ఇంజిన్ మోత పెరిగి బండి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేట్లు అయిపోయాయి. దిగేటప్పుడు ఒక్కో బ్రేకూ విడివిడిగా చూడండి. తిరిగొచ్చి, ఇంజిన్ ఆపి, అదే ఎక్కుడు మీద ఇరవై అడుగులు బండిని నెట్టుకుంటూ ఎక్కించండి. ఆయాసం వచ్చి ఆగిపోతే, బురదలో దాన్ని లేపడం మీ వల్ల కాదు. అతని బండిని పడుకోబెట్టి లేపి చూడమని నేను చెప్పను, అది మర్యాద కాదు. అదే మోడల్ ఉన్న స్నేహితుణ్ని బతిమాలి గడ్డి మీద ఆ పని చేయండి. హ్యాండిల్ పూర్తిగా తిప్పి, నడుము నిటారుగా ఉంచి, కాళ్ల బలంతో లేపాలి.

కాగితాలు, డబ్బు

ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు ఆర్‌సీతో ఒక్కో అంకె సరిపోల్చండి. చెక్కినచోట గీకిన గుర్తులుంటే వెళ్లిపోండి. బండి మీద అప్పుంటే బ్యాంకు నుంచి తీరినట్టు కాగితం, ఫారం 35 కావాలి. అమ్మకానికి ఫారం 29, 30. మెయిన్‌ల్యాండ్ రిజిస్ట్రేషన్ అయితే అక్కడి ఆర్టీవో నుంచి నిరభ్యంతర పత్రం రావాలి. షిప్పెక్కిపోయిన మనిషి దాన్ని పంపుతాడని ఎదురుచూడకండి, చేతికి అందాకే పూర్తి డబ్బు. బండి పేరు మార్పు వాయిదా వేసుకునే పని కాదు. ఆర్‌సీలో ఎవరి పేరుంటే వాళ్లే చట్టం దృష్టిలో యజమాని అని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. పేరు మార్చమని వెంటపడే అమ్మకందారు జాగ్రత్తపరుడు. ‘తర్వాత చూద్దాంలే’ అనేవాడితోనే జాగ్రత్త. పద్దెనిమిది నిండని తమ్ముడి చేతికి తాళం ఇవ్వకండి: 2019 సవరణ తర్వాత పెద్దవాళ్లకే 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు.

మీ దగ్గరున్న మొత్తంలో నాలుగో వంతు బండికి ఖర్చు పెట్టకుండా పక్కన ఉంచండి. ఐఎస్ఐ ముద్ర ఉన్న కొత్త హెల్మెట్, మోకాలి గార్డులు, చేతి గ్లవ్స్, చీలమండ కప్పే బూట్లు, మొదటి సర్వీసు అందులోంచి రావాలి. హెల్మెట్ మాత్రం ఎవరు ఊరికే ఇచ్చినా పాతది తీసుకోవద్దు, అది ఎన్నిసార్లు నేలను తాకిందో పైనుంచి కనపడదు. చెప్పులతో మట్టి బండి ఎక్కేవాళ్లను రోజూ చూస్తుంటాం. వాళ్ల పాదాలను దగ్గర్నుంచి చూడండి.

మొదటి వారం

ఇంటికి తెచ్చాక నడపాలని చేతులు దురదపెడతాయి. ముందు ఆయిల్, ఫిల్టర్, స్పార్క్ ప్లగ్ మార్చండి. కోన్ సెట్‌కి, చక్రాల బేరింగులకు గ్రీజు పెట్టించండి. మెకానిక్ పక్కనే కూర్చుని స్పానర్ అందించండి. ఆ ఒక్క పూటలో మీ బండి గురించి తెలిసేది వంద వీడియోల్లో తెలియదు. సముద్రం పక్క నుంచి వచ్చిన ప్రతిసారీ మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, చైన్‌కి నూనె రాయడం అలవాటు చేసుకోండి.

ఎక్కడ నడపాలన్నది కూడా ఎంపికే. ఈ ద్వీపాల నేలలో ఎనభై శాతం పైగా అడవి. అది మీ ట్రాక్ కాదు. జిర్కాటాంగ్ దాటాక జరవా తెగ రిజర్వు, 1956 నాటి ఆదిమ తెగల రక్షణ చట్టం కింద ఉంది, అక్కడ కాన్వాయ్ కదలికే తప్ప సరదాలకు చోటు లేదు. 2021 నుంచి మౌంట్ మణిపూర్ అని పిలుస్తున్న మౌంట్ హ్యారియట్ నేషనల్ పార్కులోనూ అంతే. ఇసుక తీరాలు ఊరిస్తాయి, కానీ నాలుగు రకాల సముద్రపు తాబేళ్లు ఈ దీవుల ఇసుకలో గుడ్లు పెడతాయి. టైరు కింద ఏముందో పైకి కనపడదు. ఉప్పునీళ్లు బండికీ విషమే. మిగిలినవి చాలు: ఫెరార్‌గంజ్, చౌల్దారి వైపు ఊళ్ల మట్టి రోడ్లు, తెలిసినవాళ్ల కొబ్బరి, పోక తోటల్లో ఖాళీ జాగా. యజమానిని అడిగి దిగండి. వాన పడ్డ మర్నాడు చిన్న జాగాలో రెండు రాళ్లు పెట్టి వాటి చుట్టూ ఎనిమిది అంకె తిరగండి. నిలబడి నడపండి, మోకాళ్లతో ట్యాంకును పట్టుకోండి, చూపు ముందు చక్రం మీద కాక పోవాల్సిన చోట పెట్టండి. రెండో గేరు దాటక్కర్లేదు. ఒంటరిగా పోవద్దు; ఒక స్నేహితుడు ఉంటే చాలు, అతనికి బండి లేకపోయినా ఫర్వాలేదు.

ట్యూబు టైర్లయితే మట్టిలోకి దిగేముందు గాలి 18, 20 పీఎస్ఐ దాకా తగ్గించండి, పట్టు ఇట్టే తెలుస్తుంది. మరీ తగ్గిస్తే రాయి తగిలి ట్యూబు నొక్కుకుని పంచరవుతుంది. అదే గాలితో తారు రోడ్డెక్కితే మలుపుల్లో బండి ఈదుతుంది, కాబట్టి చిన్న చేతిపంపు, గాలి కొలిచే గేజ్ ఎప్పుడూ సంచిలో ఉండాలి. గేజ్ ఓడలో రావడానికి వారాలు పట్టొచ్చు. బండి బేరం మొదలుపెట్టిన రోజే ఆర్డర్ పెట్టేయండి.